ఆండ్రాయిడ్ 15 అప్‌డేట్‌లో నిజంగా పనికొచ్చేవి ఏవి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఆండ్రాయిడ్ 14 మీద నడుస్తున్న మీ ఫోనుకూ, అదే మోడల్ వాడుతున్న మీ అమ్మగారి ఫోనుకూ ఆండ్రాయిడ్ 15 వచ్చింది కాబట్టి, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఫోను వేగం పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నది నిజమేనా అన్నది మొదటిది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్న మీ స్నేహితుడు “వాల్యూమ్ ప్యానెల్ తప్ప ఏమీ మారలేదు” అంటున్నాడు గనుక, ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా అన్నది రెండవది. ఒక సంస్థలో ఉద్యోగుల ఫోన్ల నిర్వహణ చూసే పనిలో ఉన్నందువల్ల ఈ వెర్షన్‌ను వేరువేరు కంపెనీల ఫోన్లలో దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. వేగం కోసమైతే దీన్ని ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. కానీ ఫోను పరాయివాళ్ళ చేతిలో పడినప్పుడు, లేదా పరాయివాడు ఫోనులోకి తొంగిచూస్తున్నప్పుడు మీకు జరిగే నష్టాన్ని తగ్గించే ఏర్పాట్లు ఇందులో చాలా ఉన్నాయి, వాటి కోసం తప్పక ఇన్‌స్టాల్ చేయండి. మీ స్నేహితుడికి ఏమీ కనబడకపోవడానికి కారణం కూడా ఇదే: వీటిలో కొన్ని మనం వెతికి ఆన్ చేస్తే తప్ప పనిచేయవు, మిగిలినవి ఆపద వచ్చే వరకు బయటపడవు.

వేగం సంగతి ముందు తేల్చేద్దాం. ఆండ్రాయిడ్ 15 మెమరీని 4 కిలోబైట్ల పేజీలుగా (అంటే చిన్న ముక్కలుగా) కాకుండా 16 కిలోబైట్ల పేజీలుగా వాడుకోగలదు. అలా అమర్చిన పరికరాల్లో, మెమరీ మీద ఒత్తిడి ఉన్నప్పుడు, యాప్‌లు తెరుచుకునే సమయం సగటున 3.16 శాతం తగ్గిందనీ, కొన్ని యాప్‌లకు ఆ తగ్గుదల 30 శాతం దాకా ఉందనీ గూగుల్ ప్రకటించింది. వీడియోలు చేసేవాళ్ళు ఆ 30 శాతాన్ని మాత్రమే పట్టుకున్నారు. 16 కిలోబైట్ల పేజీలతో నడవాలంటే తయారీదారు ఫోనును ఆ విధంగా సిద్ధం చేయాలి. మామూలుగా 14 నుంచి 15కు మారిన మీలాంటి ఫోన్లు పాత 4 కిలోబైట్ల పద్ధతిలోనే కొనసాగుతాయి. పైగా అప్‌డేట్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు యాప్‌లను కొత్త వెర్షన్‌కు తగినట్టు మళ్ళీ సర్దుకునే పని లోపల సాగుతుంది కాబట్టి, బ్యాటరీ కాస్త తొందరగా తగ్గి, ఫోను వెచ్చబడే అవకాశం ఉంది. దానికి కంగారుపడి వెంటనే రీసెట్ చేయకండి.

ఇక దొంగతనం నుంచి రక్షణ. చేతిలో తెరిచి ఉన్న ఫోనును బైకు మీద వచ్చినవాడు లాక్కుపోతే, యూపీఐ పిన్ వాడికి తెలియదు కదా అని మనం ధైర్యంగా ఉండడానికి వీల్లేదు. ఓటీపీలు వచ్చేది ఆ ఫోనుకే, ఈమెయిల్ తెరిచి ఉండేది అందులోనే, ఆధార్, పాన్ కార్డుల ఫోటోలు ఉండేది ఆ గ్యాలరీలోనే. అందుచేత లాక్కున్న మొదటి నిమిషంలో తెర లాక్ కావడం అన్నిటికన్నా ముఖ్యం. ‘థెఫ్ట్ డిటెక్షన్ లాక్’ అన్నది సరిగ్గా ఆ పని కోసమే పెట్టారు. ఫోనులోని కదలికల సెన్సర్లను బట్టి, ఎవరో లాక్కుని పరుగెత్తుతున్నట్టో, వాహనం మీద దూసుకుపోతున్నట్టో గుర్తిస్తే తెరను లాక్ చేస్తుంది. దీనికి తోడు ‘ఆఫ్‌లైన్ డివైస్ లాక్’ ఉంది. దొంగ ముందుగా చేసే పని ఇంటర్నెట్‌ను ఆపేయడం కాబట్టి, నెట్ తెగిపోయిన కాసేపటికి ఇది తెరను మూసేస్తుంది. సెట్టింగ్స్ పైభాగంలోని వెతుకు పెట్టెలో ‘థెఫ్ట్’ అని టైపు చేస్తే ఈ రెండు మీటలూ ఒకేచోట దొరుకుతాయి. కంపెనీని బట్టి మెనూ దారి మారుతుంది గనుక ఆ దారి ఇక్కడ రాయడం లేదు.

థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ప్రతిసారీ పనిచేస్తుందని నమ్ముకోకూడదు. ఫోను స్థిరంగా వైఫైకో బ్లూటూత్‌కో కలిసి ఉన్నప్పుడు, లేదా దొంగ పరుగెత్తకుండా నింపాదిగా నడిచి వెళ్ళిపోయినప్పుడు అది పసిగట్టలేకపోవచ్చు. అందుకే అదే పేజీలో ఉన్న ‘రిమోట్ లాక్’ను కూడా ఆన్ చేసి, మీ నంబరును ధృవీకరించి పెట్టుకోండి. ఫోను పోయాక వేరొకరి ఫోనులో ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ అనే చిరునామా తెరిచి, మీ నంబరు ఇస్తే చాలు, గూగుల్ పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా తెర లాక్ అవుతుంది. ఇక్కడ ఒక క్రమం పాటించాలి. చాలామంది కంగారులో ముందు సిమ్‌ను బ్లాక్ చేయిస్తారు. అప్పుడు ఫోనుకు ఇంటర్నెట్ ఉండదు, లాక్ చేయమన్న ఆదేశం దానికి అందదు. కాబట్టి ముందు రిమోట్ లాక్ చేయండి, అది నిమిషం పని. ఆ వెంటనే సిమ్, బ్యాంకు, యూపీఐ ఆపించండి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ వివరాలతో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరును (ఫోనుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యను) బ్లాక్ చేయించండి. ఆ నంబరు కోసం ఇప్పుడే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ డయల్ చేసి, కనిపించినదాన్ని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

ఇంకొక మాట: ఈ మూడు లాక్‌లూ గూగుల్ ప్లే సేవల ద్వారా ఆండ్రాయిడ్ 10, ఆపై వెర్షన్లకు కూడా వచ్చాయి. ఇంట్లో 15 రాని పాత ఫోను ఉంటే అందులోనూ వెతికి చూడండి.

15తోనే వచ్చినది, దొంగను నిజంగా ఇబ్బందిపెట్టేది, ‘ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్’ బిగింపు. పోయిన ఫోనును రికవరీ మోడ్‌లోకి (లాక్ తీయకుండానే బటన్లు నొక్కి చేరే మరమ్మతు తెరలోకి) తీసుకువెళ్ళి చెరిపేసినా, తిరిగి ఆన్ చేసినప్పుడు పాత గూగుల్ ఖాతానో పాత స్క్రీన్ లాక్‌నో అడిగే ఈ పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 5.1తోనే మొదలైంది. కానీ మొదటి సెటప్ తెరలను ఏదో ఒక చిట్కాతో దాటేస్తే ఫోను మామూలుగా పనిచేసేది, ఆ చిట్కాలు తెలిసిన దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. 15లో సెటప్‌ను దాటవేసినా ఫోను విడుదల కాదు. పాత యజమాని ధృవీకరణ జరిగే వరకు కొత్త ఖాతా చేర్చడం, కొత్త పిన్ పెట్టడం, కొత్త యాప్‌లు వేయడం కుదరవు. డెవలపర్ ఆప్షన్లలో (యాప్‌లు తయారుచేసేవారి కోసం దాచి ఉంచిన సెట్టింగ్స్‌లో) బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ మీటను ఆన్ చేసి ఈ రక్షణను తప్పించుకునే మార్గాన్ని కూడా మూసివేశారు.

ఇంత బిగింపు దొంగకే కాదు, అజాగ్రత్తగా ఉన్న యజమానికీ తగులుతుంది. మీ అమ్మగారి ఫోను విషయంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. మన దగ్గర పెద్దవాళ్ళు ఫోను కొన్నప్పుడు, దుకాణంలో కుర్రాడే అప్పటికప్పుడు ఒక జీమెయిల్ ఐడీ సృష్టించి, ప్లే స్టోర్ పనిచేసేలా చేసి చేతిలో పెడతాడు. ఫోను తెరిచి ఖాతాల జాబితా చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది: పేరులో అక్షరదోషం, దాని వెనుక ఫోను నంబరులోని చివరి అంకెలు, రికవరీ నంబరు దగ్గర ఖాళీ లేదా ఎవరిదో తెలియని నంబరు. పాస్‌వర్డ్ ఆ కుర్రాడికే గుర్తుండదు, ఇక అమ్మగారికి ఎలా తెలుస్తుంది? ఆమె ప్యాటర్న్ మరచిపోయి, ఎవరో రికవరీ మోడ్‌లో రీసెట్ చేసిన రోజున ఆ ఫోను ఆమెనే దొంగ అనుకుంటుంది. కాబట్టి అప్‌డేట్ నొక్కక ముందే, ఫోను ఇంకా తెరుచుకుంటున్నప్పుడే, సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగంలో ఖాతా నిర్వహణలోకి వెళ్ళి రికవరీ నంబరుగా మీ నంబరు చేర్చండి, పాస్‌వర్డ్ మార్చండి. పాతది తెలియకపోతే ‘మరచిపోయాను’ అన్న లింకు నొక్కండి. అప్పటికే లాగిన్ అయి ఉన్న ఫోను అయితే స్క్రీన్ లాక్ ద్వారా ధృవీకరించే అవకాశం సాధారణంగా వస్తుంది. కొత్త పాస్‌వర్డ్‌ను ఆమె పాస్‌బుక్ ఉండే చోటే కాగితం మీద రాసి పెట్టండి. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయకూడదనే నియమం ఈ సందర్భానికి వర్తించదని నా అభిప్రాయం.

ఇదే కారణంగా వాడిన ఫోను కొనేటప్పుడు అమ్మే వ్యక్తి ఎదురుగానే ఖాతా తీసేయించి, సెట్టింగ్స్ నుంచే రీసెట్ చేయించి, మీ ఖాతాతో తెరిచి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

‘ప్రైవేట్ స్పేస్’ గురించి ప్రచారం ఎక్కువగా జరిగింది. ఫోనులోపల వేరే తాళంతో, కావాలంటే వేరే గూగుల్ ఖాతాతో ఒక ప్రత్యేక భాగం ఏర్పడుతుంది. అందులో పెట్టిన యాప్‌లు లాక్ చేసి ఉన్నంతసేపు యాప్‌ల జాబితాలోనూ, ఇటీవలి యాప్‌లలోనూ, నోటిఫికేషన్లలోనూ కనబడవు. ఆ భాగానికి దారి ఉందన్న సంగతిని కూడా దాచవచ్చు. పిల్లలకు ఆటలకో, దుకాణంలో సహాయకుడికి కాల్ చేయడానికో ఫోను ఇచ్చే అలవాటు ఉన్నవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే రెండు సంగతులు తెలిసే దీన్ని వాడాలి. లాక్ చేసినప్పుడు అందులోని యాప్‌లు దాగడమే కాదు, పూర్తిగా ఆగిపోతాయి. కాబట్టి బ్యాంకు యాప్ అందులో ఉంటే దాని హెచ్చరికలు రావు, మందుల వేళ గుర్తుచేసే యాప్ పెడితే అది మోగదు. రెండవది, అందులోని సమాచారం బ్యాకప్‌లోకి వెళ్ళదు, కొత్త ఫోనుకు మారినప్పుడు దానంతట అది రాదు, ఆ భాగాన్ని తొలగిస్తే లోపలి ఫోటోలు కూడా పోతాయి. ఇప్పటికే ఉన్న యాప్‌ను అందులోకి జరపడం కూడా కుదరదు, మరో ప్రతిని అక్కడ వేసి మళ్ళీ నమోదు చేసుకోవాలి. శామ్‌సంగ్ ఫోన్లలో ఇది కనబడకపోతే ఆశ్చర్యపోకండి, వారికి ఇదివరకే ‘సెక్యూర్ ఫోల్డర్’ ఉంది. మీ అమ్మగారి ఫోనులో మాత్రం దీని జోలికి వెళ్ళకపోవడమే మేలు.

తెర పంచుకునే మోసాలకు సంబంధించిన మార్పులు మనం ఏమీ నొక్కకుండానే పనిచేస్తాయి. కేవైసీ గడువు ముగిసిందనో, కరెంటు బిల్లు కట్టలేదనో ఫోన్ చేసి, ఏదో సహాయక యాప్ వేయించి, తెర మీద జరిగేదంతా అవతల నుంచి చూస్తూ ఓటీపీ దొంగిలించే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. 15లో తెర పంచుకుంటున్నప్పుడు నోటిఫికేషన్లలోని విషయం అవతలివారికి కనబడదు. పాస్‌వర్డ్, కార్డు నంబరు నింపే చోట్లను గుర్తించి వాటిని కూడా కప్పివేస్తుంది. తెర మొత్తం కాకుండా ఒకే యాప్‌ను పంచుకునే ఎంపిక కూడా ఉంది, ఆఫీసు సమావేశాలకు అదే ఎంచుకోండి. ఈ కప్పివేతను ఆపేసే మీట డెవలపర్ ఆప్షన్లలో ఉంది. ఫోనులో అవతలి వ్యక్తి “సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కండి” అని చెప్పడం మొదలుపెడితే, అతడు మిమ్మల్ని తీసుకువెళుతున్నది అక్కడికేనని గ్రహించి కాల్ కట్ చేయమని అమ్మగారికి చెప్పండి.

నోటిఫికేషన్లు చదివే అనుమతి ఉన్న యాప్‌లకు కూడా ఓటీపీ ఉన్న నోటిఫికేషన్‌లోని అంకెలు ఇకమీదట చేరవు. జత చేసిన స్మార్ట్‌వాచ్ యాప్ వంటివాటికి మినహాయింపు ఉంది. కానీ ఇది నోటిఫికేషన్ల వరకే అని గమనించాలి. ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతిని మీరే ఇచ్చిన యాప్ నేరుగా సందేశాన్నే చదువుకోగలదు. ట్రాఫిక్ చలాన్ అనీ, పెళ్ళి పత్రిక అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) అడిగేది సరిగ్గా ఆ అనుమతినే. ప్లే స్టోర్ బయటి నుంచి వచ్చిన యాప్‌లకు సున్నితమైన అనుమతులు సులభంగా దక్కకుండా ఆండ్రాయిడ్ 13లో పెట్టిన ఆంక్షలను 15లో మరికొన్ని అనుమతులకు విస్తరించారు. ఆ హెచ్చరిక తెర వచ్చినప్పుడు, దాన్ని దాటే దారి వెతకకుండా వెనక్కు రండి.

తెలుగు చదివేవారికి ఇందులో ఒక మేలు ఉంది, దాని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. తెలుగు, కన్నడం, మలయాళం, తమిళం వంటి లిపుల అక్షరాలు పైకీ కిందికీ ఎక్కువ చోటు తీసుకుంటాయి. ఇంగ్లిషు కొలతలతో గీసిన బటన్లలోనూ జాబితాల్లోనూ అవి పట్టడం కోసం ఆండ్రాయిడ్ చాలాకాలంగా ఈ లిపులకు నొక్కిపెట్టిన, పొట్టి రూపాన్ని వాడుతూ వచ్చింది. ‘రాష్ట్రపతి’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో వత్తు కింద వత్తు వచ్చినచోట అక్షరాలు చిన్న సైజులో ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు కనిపించేది అందుకే. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లలో ఆ పొట్టి రూపం స్థానంలో పూర్తి ఎత్తు గల, స్పష్టమైన రూపం అప్రమేయంగా వస్తుంది. అందుకు తగినట్టు వరుసల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. అయితే ఫోను 15కు మారిన వెంటనే అన్ని యాప్‌లలోనూ ఇది కనిపించదు, ఆ యాప్ కూడా 15కు తగినట్టు మారాలి. ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లూ, పాత యాప్‌ల అప్‌డేట్లూ 15ను లక్ష్యంగా పెట్టుకోవాలన్న నిబంధన 2025 ఆగస్టు 31 నుంచి ఉంది కాబట్టి, మీరు వాడే వార్తల యాప్‌లను తాజాగా ఉంచుకుంటే తేడా మీకే తెలుస్తుంది. కళ్ళద్దాలతో చదివే మీ అమ్మగారికి ప్రైవేట్ స్పేస్ కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది. సరిగా సర్దని కొన్ని యాప్‌లలో తెలుగు వరుస పెట్టె దాటి కిందికి జారడం కూడా చూశాను, అది ఆ యాప్‌వారు సరిచేయవలసినది.

స్టోరేజీ నిండిపోయే ఫోన్లకు ‘ఆర్కైవ్’ మంచి సాధనం. ఏడాదికి రెండుసార్లు ఊరు వెళ్ళేటప్పుడు మాత్రమే వాడే రైలు, బస్సు టిక్కెట్ల యాప్ ఐకాన్ మీద కాసేపు నొక్కిపట్టి, యాప్ సమాచారంలోకి వెళ్ళి ‘ఆర్కైవ్’ నొక్కితే యాప్ తొలగిపోతుంది, కానీ ఐకానూ, లోపలి సమాచారమూ ఉంటాయి. మళ్ళీ ఐకాన్ తాకితే తిరిగి డౌన్‌లోడ్ అవుతుంది. సమాచారం అలాగే ఉండిపోతుంది కనుక, వాట్సాప్ ఫోటోలు నిండిన ఫోనుకు దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. రెండు యాప్‌లను జంటగా ఒకే ఐకాన్‌తో తెరవడం పెద్ద తెర ఉన్నవారికి బాగుంటుంది. ఆపేసిన బ్లూటూత్ మరునాడు తానే ఆన్ అయ్యే మీట ఒకటి చేరింది, పోయిన ఫోనును వెతకడానికి అది కొంత సహాయం. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపడానికి ఆండ్రాయిడ్ 15లో వీలు ఉన్నా, ఫోను హార్డ్‌వేరూ టెలికాం సంస్థా రెండూ సహకరించాలి. ఈ అప్‌డేట్‌తో మీ ఫోనుకు అది వస్తుందని ఎదురుచూడకండి. ఆండ్రాయిడ్ 16 2025 జూన్‌లోనే వచ్చేసింది కదా, అది వచ్చేదాకా ఆగుదామనుకోవడం కూడా సరికాదు. పైన చెప్పిన రక్షణలు అందులోనూ కొనసాగుతాయి, అందాకా అవి లేకుండా ఉండడం దేనికి?

ఇన్‌స్టాల్ చేసే ముందు ఫోటోలూ, వాట్సాప్ చాట్లూ బ్యాకప్ చేయండి, ఫోనును చార్జర్‌కు తగిలించి, వైఫై మీద డౌన్‌లోడ్ చేయండి. మళ్ళీ 14కు వెనక్కు వెళ్ళాలంటే ఫోను మొత్తం చెరపవలసి వస్తుంది కాబట్టి, ముందు మీ ఫోనులో వేసి వారం చూసి, ఆ తర్వాత అమ్మగారి ఫోనులో వేయండి. కొన్ని యాప్‌లు అంచు నుంచి అంచు దాకా తెరను వాడుకునే కొత్త పద్ధతికి మారినప్పుడు, అడుగున ఉన్న బటన్ వెనక్కు, హోమ్ వంటి మూడు మీటల వరుస కిందకు పోయి నొక్కడానికి అందకపోవచ్చు. ఆ మీటల బదులు తెర మీద వేలు జరిపే సంజ్ఞల పద్ధతికి మారితే చాలాసార్లు అది తీరుతుంది.

మీరు దుకాణం నడుపుతున్నానని రాశారు గనుక చివరగా ఒక జాగ్రత్త. ఆండ్రాయిడ్ 7 కన్నా పాత వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లను 15లో కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం కుదరదు, 14లో ఈ హద్దు ఆండ్రాయిడ్ 6 దగ్గర ఉండేది. ఇదివరకే ఫోనులో ఉన్నవి అలాగే ఉంటాయి గానీ, ఒకసారి తీసేస్తే మళ్ళీ ఎక్కించలేరు. బ్లూటూత్ బిల్లు ప్రింటర్‌తో పాటు ఏపీకే ఫైలుగా ఇచ్చిన బిల్లింగ్ యాప్ మీ దగ్గర ఉంటే, అప్‌డేట్‌కు ముందే దాన్ని అమ్మినవారిని కొత్త వెర్షన్ అడిగి తీసుకోండి. లేదంటే బిల్లింగ్‌కు వాడే ఫోనును కొంతకాలం 14లోనే ఉంచి, నెలవారీ భద్రతా ప్యాచ్‌లు మాత్రం వచ్చినప్పుడల్లా వేస్తూ ఉండండి.